పడవ పందెం, కబడ్డీ ఫొటోల్లో మొహాలు నల్లబడకుండా: ఎక్స్‌పోజర్ గురించి వివరంగా

తమ్ముడూ, నీ ప్రశ్నా, దాంతో పాటు పెట్టిన ఫొటోలూ చూశాను. నీ దగ్గర కేనన్ 1500డి, 55-250 లెన్స్ ఉన్నాయి. సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పోటీలు తీస్తే తెడ్లు వేసేవాళ్ళ మొహాలు నల్లగా వచ్చాయి, కొన్ని ఫ్రేములు మాత్రం తెల్లగా పాలిపోయాయి. రాజోలు దగ్గర మీ ఊళ్ళో రాత్రి కబడ్డీ స్పోర్ట్స్ మోడ్‌లో తీస్తే అంతా చీకటి, చేతులూ కాళ్ళూ అలికేసినట్టు ఉన్నాయి. పైగా వరసగా తీసిన షాట్లలో ఒకటి పసుపుగా, ఒకటి మసకగా వచ్చాయి. కెమెరా మార్చాలా, సెట్టింగ్స్ మారిస్తే చాలా అని అడిగావు. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది, సరిగ్గా పెట్టుకుంటే సెట్టింగ్స్‌తోనే చాలావరకు సరిపోతుంది. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే నంబర్లు మాత్రమే ఇస్తే వచ్చే ఏడాది ఇంకో ఊళ్ళో, ఇంకో వెలుగులో మళ్ళీ ఇదే ఇబ్బంది వస్తుంది.

పడవ పోటీల్లో అసలు సంగతి ఇది. పడవలు వేగంగా పోతుంటే వెలుగు కూడా ఫ్రేము ఫ్రేముకీ మారిపోతోందని అనిపిస్తుంది. నిజానికి మారదు. మబ్బులు లేని జనవరి రోజున పది గంటల నుంచి మూడింటి దాకా ఆ మనుషుల మీద పడే ఎండ దాదాపు ఒక్కటే. మారేదల్లా ఫ్రేములో వాళ్ళ వెనక ఏముందన్నదే. ఒకసారి తళతళలాడే నీళ్ళు, ఒకసారి ఆకాశం, ఒకసారి అవతలి గట్టు మీది కొబ్బరితోట నీడ.

కెమెరాలో మీటర్ చూసేది ఒంటి మీద పడే వెలుగుని కాదు, అక్కడి నుంచి తిరిగి లెన్స్‌లోకి వచ్చే వెలుగుని. వచ్చినదాన్నంతా సగటున ఒక మధ్యస్థ బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. మెరిసే నీళ్ళు ఎక్కువగా ఉంటే 'అబ్బో, చాలా వెలుగు' అనుకుని తగ్గించేస్తుంది, మొహాలు నల్లబడతాయి. అదే పడవ మరో నాలుగు తెడ్ల దూరం పోయి తోట నీడ ముందుకి వచ్చేసరికి 'చీకటి' అనుకుని పెంచేస్తుంది, తెల్ల టీషర్టులు సున్నం కొట్టినట్టు అయిపోతాయి. నీ మూడో ఫొటో, నాలుగో ఫొటో పక్కపక్కన పెట్టి చూడు. అదే పడవ, అదే ఎండ, అవే మొహాలు. వెనకున్నది మాత్రమే మారింది. అందుకని ఎండ నిలకడగా ఉన్నప్పుడు ఆ నిర్ణయం కెమెరాకి వదలకు. డయల్‌ని ఎం (మాన్యువల్, అన్నీ మనమే పెట్టుకునే మోడ్) మీదకి తిప్పి, ఒకసారి సరిగ్గా కొలిచి పెట్టుకుని, ఆ తర్వాత దాని జోలికి పోకుండా ఆట మీద దృష్టి పెట్టు.

ఎం మోడ్ అంటే టెన్షన్ పడక్కర్లేదు. ఆటల ఫొటోలకి మొదట తేల్చుకోవలసింది షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలన్నది (1/1000 అంటే సెకనులో వెయ్యో వంతు). అది వెలుగుని బట్టి కాదు, కదలికని బట్టి. తెడ్డు నీళ్ళలోంచి లేచేటప్పుడు ఎగిరే చుక్కలు విడివిడిగా కనిపించాలంటే 1/1250 నుంచి 1/1600 కావాలి. కబడ్డీకి 1/800 బాగుంటుంది, 1/500తో నెట్టుకురావచ్చు. వాలీబాల్ స్మాష్‌కి 1/1000. క్రికెట్‌లో బ్యాట్ ఊపు ఆగాలంటే 1/1600 పైనే. మనిషి నీ వైపు ఎదురుగా వస్తుంటే కొంచెం తగ్గించినా పరవాలేదు, నీ ముందు నుంచి అడ్డంగా దూసుకుపోతుంటే తగ్గించకు. షట్టర్ తేలాక అపెర్చర్ చూసుకో, అది లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది. చివరికి మిగిలిన లోటంతా ఐఎస్‌ఓతో, అంటే వచ్చిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలన్న అంకెతో పూడ్చు. ఈ వరస తలకిందులు చేసి, 'ఐఎస్‌ఓ 400 దాటనివ్వను' అని మొదలుపెట్టేవాళ్ళ ఫొటోలే అలుక్కుపోతాయి.

ఎండలో మీటర్ లేకుండానే లెక్క కట్టే పాత పద్ధతి ఒకటుంది, ఫిల్మ్ రోజుల నుంచీ వాడుతున్నదే. నిండు ఎండలో ఎఫ్ 16 పెడితే షట్టర్ స్పీడ్ కింది అంకె ఐఎస్‌ఓకి సమానంగా ఉండాలి. ఐఎస్‌ఓ 100కి 1/100, ఐఎస్‌ఓ 400కి 1/400. ఎఫ్ 16 నుంచి ఎఫ్ 8కి వస్తే రెండు స్టాపులు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు), అంటే నాలుగు రెట్ల వెలుగు లోపలికి వస్తుంది. కాబట్టి ఐఎస్‌ఓ 400, ఎఫ్ 8, 1/1600. పడవ పందేనికి నీ మొదటి సెట్టింగ్ ఇదే. నీ లెన్స్ 250 దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, 55 దగ్గర ఎఫ్ 4 వస్తుంది. ఎఫ్ 8 పెడితే జూమ్ ఎటు తిప్పినా అపెర్చర్ మారదు, ఎక్స్‌పోజర్ కదలదు. ఫోకస్ అంగుళం అటూ ఇటూ అయినా కాస్త కలిసొస్తుంది.

అయితే మన డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ, జనవరి ఎండ అంత చురుగ్గా ఉండదు. అందుకని ఆ లెక్కని ఉన్నదున్నట్టు నమ్మకుండా, పోటీ మొదలయ్యే ముందే సరిచూసుకో. అందరికీ అందుబాటులో ఉండే కొలబద్ద అరచెయ్యి. పడవల మీద పడుతున్న ఎండే నీ చేతి మీదా పడేటట్టు నిలబడు. అరచేతిని సూర్యుడి వైపు తిప్పు, దాని మీద నీ నీడ పడకూడదు. మీటరింగ్ పార్షియల్‌లో పెట్టు. 1500డిలో స్పాట్ మీటరింగ్ లేదు, పార్షియల్ అంటే ఫ్రేము నడిమి పదో వంతు మాత్రమే చూస్తుంది, మనకి అది చాలు. అరచెయ్యి ఆ నడిమి భాగమంతా నిండాలి, ఫోకస్ కుదరకపోయినా పరవాలేదు. అరచెయ్యి మధ్యస్థ బూడిద రంగు కంటే సుమారు ఒక స్టాప్ తెలుపు, కాబట్టి మీటర్ సూది సున్నా మీద కాకుండా +1 మీద ఆగేటట్టు సెట్ చెయ్యి. మనిషి రంగు ఏదైనా అరచేతుల్లో తేడా తక్కువ, అందుకే ఇది నమ్మకంగా పనిచేస్తుంది.

తర్వాత ఒక పడవని తీసి, ప్లేబ్యాక్‌లో డిస్ప్ బటన్ నొక్కి హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో గుట్టలా చూపించే బొమ్మ) ఉన్న పేజీ చూడు. తెల్లగా కాలిపోయిన చోట్లు అక్కడ మిణుకు మిణుకుమంటాయి. నీళ్ళ మీది తళుకులు మిణుకుమంటే పట్టించుకోకు, వాటిలో చూపించాల్సిన వివరం ఏమీ లేదు. తెల్ల టీషర్టు భుజం మిణుకుమంటే షట్టర్‌ని మూడోవంతు స్టాప్ పెంచు, అంటే 1/1600 నుంచి 1/2000కి. మొహం మిణుకుమంటే వెలుగు ఇంకా తగ్గించాలి. హిస్టోగ్రామ్ ఇలాగే ఉండాలి, గుట్ట మధ్యలోనే ఉండాలి అనే సలహాలు చాలా కనిపిస్తాయి. పడవ పందెంలో గుట్ట ఎక్కడైనా ఉండొచ్చు. మొహాలు ఎలా ఉన్నాయన్నదే నేను చూస్తాను. ఎండలో పని చేసి నల్లబడిన మొహాలు అవి. వాటిని తెల్లగా చెయ్యక్కర్లేదు, కళ్ళూ, బిగిసిన దవడా, చెమటా కనిపిస్తే చాలు.

ఎక్స్‌పోజర్‌లో సగం పని నిలబడే చోటులోనే అయిపోతుంది. నీ ఫొటోల్లో చాలావాటిలో సూర్యుడు పడవ వెనక ఉన్నాడు. అప్పుడు మొహాల మీద ఎండే లేదు, నీళ్ళ మీద మాత్రం బోలెడు ఉంది. ఏ సెట్టింగ్ పెట్టినా రెంటిలో ఒకటి పోతుంది. పోటీ రోజు గట్టంతా జనంతో నిండకముందే వెళ్ళి, ఫోన్‌లో దిక్కులు చూసుకో. పొద్దున్న అయితే సూర్యుడు నీ వీపు వైపు ఉండేటట్టు తూర్పు వైపు గట్టు, సాయంత్రం అయితే పడమటి గట్టు. కాలువ తూర్పు పడమరలుగా పారే చోట అయితే దక్షిణపు గట్టు ఎంచుకో, జనవరిలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మనకి దక్షిణానికి వాలే ఉంటాడు. టోపీలు పెట్టుకున్నవాళ్ళని తీసేటప్పుడు గట్టు దిగి నీటిమట్టానికి దగ్గరగా కూర్చుంటే ఇంకా మంచిది. నీళ్ళ మీంచి తిరిగొచ్చే వెలుగు టోపీ కింది నీడని కొంత తేలిక చేస్తుంది.

కొబ్బరిచెట్ల మచ్చల నీడ గురించి ఒక మాట. గట్టు పక్కన పడవ సగం ఎండలో, సగం నీడలో ఉంటే దాన్ని వదిలెయ్. ఎండకీ నీడకీ మధ్య మూడు నాలుగు స్టాపుల తేడా ఉంటుంది, ఒక మొహం కాలిపోయి పక్క మొహం నల్లబడుతుంది. కాలువలో నీడ పడని జాగా ముందే చూసి పెట్టుకుని, పడవ అక్కడికి వచ్చేదాకా ఆగు.

పొగమంచు సంగతి వేరు. పండగ రోజుల్లో ఏడు, ఏడున్నర దాకా కోనసీమలో మంచు కమ్ముకునే ఉంటుంది. ఎండ లేదు కాబట్టి అరచేతి మీద కొలిచి మొదలుపెట్టు, కానీ మంచు విడిపోతున్నకొద్దీ మాటిమాటికీ కొలుస్తూ ఉండాలి. ఇలాంటప్పుడూ, మబ్బులు ఎండని కమ్ముతూ వదులుతూ ఉన్నప్పుడూ పూర్తి మాన్యువల్ కష్టం. టీవీ మోడ్‌లో (షట్టర్ మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్, డయల్ మీద Tv) 1/1250 పెట్టి, ఐఎస్‌ఓ ఆటోలో ఉంచి, కాంపెన్సేషన్ ఇవ్వు, అంటే కెమెరా లెక్క కంటే వెలుగు ఎక్కువో తక్కువో చెయ్యమని చెప్పు. మంచులో అంతా తెల్లగా ఉంటుంది గనక +1, లేకపోతే మంచు బురదరంగులోకి దిగిపోతుంది. వెనక చీకటి తోట ఉంటే -2/3. ఎం మోడ్‌లో ఆటో ఐఎస్‌ఓ పెట్టి కాంపెన్సేషన్ ఇచ్చే వీలు పెద్ద కెమెరా బాడీల్లో ఉంటుంది, నీ తరగతి బాడీల్లో చాలావాటిలో ఉండదు. అందుకే టీవీ మోడ్ చెబుతున్నాను.

ఇక రాత్రి కబడ్డీ. నీకు ఎక్కువ బాధ కలిగించింది అదేనని అర్థమైంది. అక్కడ తప్పు నీ చేతిలో కన్నా లెన్స్‌లో ఉంది. లెక్క చూపిస్తాను. ఊళ్ళో నాలుగు స్తంభాలకి ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు కట్టిన కోర్టులో సాధారణంగా దొరికే వెలుగుకి, ఎఫ్ 5.6 దగ్గర ఐఎస్‌ఓ 6400 పెట్టినా షట్టర్ 1/250 దాటదు. 1500డిలో మామూలు ఐఎస్‌ఓ పరిమితి కూడా 6400తోనే ఆగిపోతుంది, ఆపైన 12800 విడిగా ఆన్ చేసుకోవాలి. స్పోర్ట్స్ మోడ్ ఆ ఇరుకులో పడి షట్టర్‌ని తగ్గించేసింది, అయినా వెలుగు చాలలేదు. అందుకే చీకటీ, అలుకూ రెండూ వచ్చాయి.

అదే కోర్టులో 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పెట్టు. ఎఫ్ 2 దగ్గర వాడినా ఎఫ్ 5.6 కంటే మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్ల వెలుగు. ఐఎస్‌ఓ 3200లో 1/1000 వచ్చేస్తుంది. ఐఎస్‌ఓ సగానికి తగ్గింది, షట్టర్ నాలుగు రెట్లయింది. కేనన్ లెన్సుల్లో బాగా చవకైన వాటిలో ఇదొకటి. జూమ్ లేదు కదా అనకు. మగవాళ్ళ కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఎండ్ లైన్ వెనక కూర్చుంటే, పది మీటర్ల దూరంలో ఈ లెన్స్ నీ కెమెరా మీద సుమారు నాలుగున్నర మీటర్ల వెడల్పు చూపిస్తుంది. కూతకొచ్చినవాడూ, వాడి మీద పడే ముగ్గురూ చక్కగా సరిపోతారు. పైగా రైడర్ ఎదురుగా నీ వైపే వస్తాడు, మొహం కనిపిస్తుంది.

ఆట మొదలవక ముందు, కుర్రాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకుంటున్నప్పుడే కోర్టు నాలుగు మూలల్లో, మధ్యలో ఒక్కొక్క ఫొటో తీసి చూడు. మధ్య గీత దగ్గర ఉన్నంత వెలుగు మూలల్లో ఉండదు, ఒక స్టాప్ తేడా మామూలే. నేనైతే రైడర్‌ని ఎక్కువగా ఏ చోట పట్టుకుంటున్నారో చూసి, అక్కడి మొహానికి సెట్ చేసి వదిలేస్తాను. మూల చీకటి కాస్త తర్వాత సరిచేసుకోవచ్చు. అలాగే, లైటు స్తంభం రైడర్ వెనక పడకుండా కూర్చో. లైటు ఫ్రేములోకి వస్తే లెన్స్‌లో వెలుగు చిమ్మి మొత్తం పాలిపోతుంది, మంచు పడే రాత్రుళ్ళలో మరీ.

నీ షాట్లు ఒకటి పసుపుగా, ఒకటి చీకటిగా ఎందుకు వచ్చాయో ఇప్పుడు చెబుతాను. నీ కెమెరా పాడవలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక రకం ఎల్‌ఈడీ లైట్లు ఆ లెక్కన సెకనుకి 100 సార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి తెలియదు. 1/1000 పెట్టినప్పుడు ఆ ఒక్కో అలలో పదో వంతు మాత్రమే కెమెరాకి చిక్కుతుంది. అల పైనున్నప్పుడు నొక్కితే మంచి వెలుగు, కిందున్నప్పుడు నొక్కితే చీకటి, రంగు కూడా మారుతుంది. ఒక్కోసారి ఫ్రేము పై సగం ఒకలా, కింది సగం ఒకలా ఉంటుంది, ఎందుకంటే ఆ స్పీడులో షట్టర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, సన్నని చీలికలా సెన్సార్ మీంచి జారుతుంది. అల దాటే సరికి చీలిక కిందికి వచ్చి ఉంటుంది.

దీనికి కెమెరాల్లోనే మందు పెట్టారు. కేనన్ 2014లో 7డి మార్క్ 2తో యాంటీ ఫ్లికర్ తెచ్చింది. లైటు అల పైకొచ్చే క్షణం దాకా ఆగి షట్టర్ వేస్తుంది. 1500డిలో అది లేదు. ఉన్నదాంట్లో మార్గం ఏమిటంటే, 1/1000 నుంచి 1/500కి దిగు. అలలో పెద్ద ముక్క పడుతుంది, తేడా తగ్గుతుంది. 1/100 పెడితే తేడా పూర్తిగా పోతుంది, కానీ మనిషి అలుక్కుపోతాడు కాబట్టి అది సెల్ఫీలకీ, బహుమతి ప్రదానాలకీ ఉంచుకో. ఎక్స్‌పోజర్ సరిచూసేటప్పుడు ఒక్క ఫ్రేము చూసి తేల్చకు. వరసగా అయిదారు తీసి, వాటిలో బాగా వెలుగున్నదాన్ని బట్టి సెట్ చెయ్యి, లేకపోతే మంచి ఫ్రేములే కాలిపోతాయి. వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుని బట్టి ఫొటో రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో వద్దు, ఒకచోట కట్టెయ్. ఇంకో సంగతి, నిర్వాహకులు మీ ఊరివాళ్ళే కదా, లైట్లు కట్టే ఎలక్ట్రీషియన్‌తో ముందే మాట్లాడు. త్రీ ఫేజ్ ఉన్నచోట స్తంభాలని వేర్వేరు ఫేజుల మీద వేస్తే ఒక లైటు తగ్గినప్పుడు ఇంకోటి పెరుగుతుంది, కోర్టు మధ్యలో ఆ మిణుకు చాలావరకు సర్దుకుంటుంది. పెద్ద స్టేడియాల్లో చేసేది అదే.

ఐఎస్‌ఓ పెంచితే గ్రెయిన్ వస్తుందని భయపడి, చీకటిగా తీసి తర్వాత లైట్‌రూమ్‌లో లేపుదామనుకుంటే గ్రెయిన్ ఇంకా ఎక్కువ వస్తుంది, నీడల్లో గీతలు కూడా తేలతాయి. ఐఎస్‌ఓ 3200లో సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసిన ఫొటో, ఐఎస్‌ఓ 800లో రెండు స్టాపులు చీకటిగా తీసి లేపినదాని కంటే నీ బాడీలో శుభ్రంగా ఉంటుంది. గ్రెయిన్‌ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు. అలుక్కుపోయిన చెయ్యిని ఎవరూ తిరిగి తేలేరు. ఈ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, కబడ్డీలో 1/500 కిందికి దిగకు, ఐఎస్‌ఓ ఎంత పోతే అంత పోనీ.

వెలుగు మరీ తక్కువైతే ఆటలోనే ఆగే క్షణాలు వెతుకు. రైడర్ ఎగిరి పట్టు తప్పించుకునేటప్పుడు ఎత్తు మీద ఒక్క రెప్పపాటు ఒళ్ళు నిలబడుతుంది. కాలు చిక్కాక గీత కోసం చెయ్యి చాచినప్పుడు, నలుగురూ మీద పడి ఉండగా కదలిక దాదాపు ఆగిపోతుంది. వేళ్ళు మట్టిలో గుచ్చుకుని, మెడ నరాలు పైకి తేలి, నోట్లో ఇంకా కూత ఆగకుండా ఉంటుంది. 1/500లో ఆ ఫొటో పదునుగా వస్తుంది. ఆట తెలిసినవాడివి కాబట్టి అది ఎప్పుడు వస్తుందో నీకు ముందే తెలుస్తుంది. నీ బాడీ సెకనుకి మూడు ఫ్రేములే తీస్తుంది, బటన్ నొక్కి పట్టుకుని కూర్చుంటే అసలు క్షణం రెండు ఫ్రేముల మధ్య జారిపోతుంది. ఒక్కొక్కటిగా నొక్కు.

ఎడ్ల పందాలు కూడా తీయాలని ఉందన్నావు. అక్కడ అంతా గడ్డకట్టినట్టు తీస్తే గిత్తలు నిలబడి ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. కొన్ని 1/1250లో తియ్యి, ఎగిరే బురద కోసం. కొన్ని 1/60లో, గిత్తల వేగానికి సరిగ్గా కెమెరా తిప్పుతూ తియ్యి. తలలు పదునుగా, వెనక జనం గీతలుగా వస్తారు. నిండు ఎండలో 1/60 అంటే ఐఎస్‌ఓ 100లో ఎఫ్ 20 దాకా మూసెయ్యాలి. మొదట 1/125తో అలవాటు చేసుకో. ఎడ్ల ముందు ఫ్లాష్ మాత్రం వెయ్యకు, బెదిరితే తోలేవాడి ప్రాణానికే ముప్పు. కబడ్డీలోనూ వద్దు, కూతలో ఉన్నవాడి కళ్ళలో కొట్టడం అన్యాయం.

కెమెరా మార్చాలా అన్నదానికి, ఇప్పుడే వద్దు. ముందు ఆ 50 ఎంఎం కొను. ఈ ఏడాది ఎండలో 55-250, రాత్రి 50 వాడి చూడు. ఆ తర్వాత కూడా ఫ్లికర్ నిన్ను ఆపుతుంటే అప్పుడు యాంటీ ఫ్లికర్ ఉన్న బాడీ, సెకండ్‌హ్యాండ్ అయినా సరే, చూద్దాం. రా (RAW, కెమెరా దిద్దకుండా దాచే ఫైల్)లో తీయాలా అని కూడా అడిగావు. రాత్రి కబడ్డీకి రా తప్పనిసరి, రంగు తేడాలు సరిచెయ్యడానికి అందులోనే వీలుంటుంది. కాకపోతే రాలో బఫర్, అంటే కార్డులోకి రాసేలోపు ఫొటోలు ఆగే చోటు, తొందరగా నిండుతుంది. పగటి పడవ పందేనికి, అందులోనూ ఆ సాయంత్రానికే కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాలంటే, ఎం మోడ్‌లో సరిగ్గా కొలిచి తీసిన జేపెగ్ చాలు.